టెస్టర్ వెలగకపోతే

(మన పాఠశాల స్వర్ణోత్సవం సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు ఫోన్ చేసి, 'నువ్వు ఇంజనీరువి కదా, పిల్లలకు స్ఫూర్తిగా ఏదైనా మాట్లాడు' అన్నారు. స్ఫూర్తి గురించి మాట్లాడేవాళ్లు ఈ వేదిక మీద నాకంటే మంచివాళ్లున్నారు. నేను ముప్పై ఏళ్ల పైగా సిమెంటు ఫ్యాక్టరీల్లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేసినవాణ్ణి. అందుకని జేబులో పెట్టుకొచ్చిన ఈ టెస్టర్ గురించి మాట్లాడతాను. మన జగ్గయ్యపేట బజారులో ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా నలభై, యాభై రూపాయలకు ఇస్తారు. మీ అందరి ఇళ్లలో ఒకటి ఉంటుంది. ఎక్కువ ఇళ్లలో అది స్క్రూడ్రైవర్‌గానే పనిచేస్తుంది, ఒక్కోసారి మూతలు తీయడానికి కూడా.

దీని గురించే ఎందుకంటే, నా జీవితంలో నేను చేసిన అతి పెద్ద తప్పు దీనితోనే చేశాను. అది 1985 వేసవి, పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. మా పెద్దనాన్నకు కృష్ణ ఒడ్డున, వేదాద్రి గుడికి కాస్త ఎగువన మూడెకరాల చెక్క, అయిదు హార్స్‌పవర్ మోటారు ఉండేవి. మే నెల, మిట్టమధ్యాహ్నం. మోటారు ఆగిపోయింది. మెయిన్ స్విచ్‌లోకి వచ్చే వైరు లూజై మాడినట్టుంది, బిగించాలన్నాడు. 'ఏరా, కరెంటుందేమో చూడు' అన్నాడు. నేను ఫిజిక్సులో మంచి మార్కులొచ్చేవాణ్ణి. కొత్త టెస్టర్ కూడా ఉంది. షెడ్డుకి తలుపు లేదు, బోర్డు మీద ఎండ దంచుతోంది. కింద తడిగా ఉందని పరిచిన చెక్క మీద రబ్బరు చెప్పులతో నిలబడి మూడు వైర్ల మీదా టెస్టర్ పెట్టి చూశాను. వెలగలేదు.

'లేదు పెద్దనాన్నా' అన్నాను.

ఆయన చెయ్యి పెట్టాడు.

మిగతాది తర్వాత చెబుతాను. ముందు ఆ టెస్టర్ ఎందుకు వెలగలేదో చూద్దాం.

ఈ ప్లాస్టిక్ పిడి లోపల మూడే వస్తువులుంటాయి. ఒక చిన్న నియాన్ బల్బు, ఒక రెసిస్టరు, ఒక స్ప్రింగు. రెసిస్టరు విలువ సుమారు 10 లక్షల ఓములు, అంటే ఒక మెగా ఓము. మొనను ఫేజు వైరుకు తగిలించి, వెనకనున్న లోహపు బిళ్ల మీద వేలు పెడితే కరెంటు రెసిస్టరులోంచి, బల్బులోంచి, మన ఒంట్లోంచి భూమిలోకి పోతుంది. అవును, మన ఒంట్లోంచే. మరి షాక్ ఎందుకు కొట్టదు? 230 వోల్టులను 10 లక్షల ఓములతో భాగించండి, మిల్లీ ఆంపియరులో నాలుగో వంతు కూడా రాదు. మామూలుగా మనిషికి కరెంటు తగిలినట్టు తెలియాలంటే సుమారు ఒక మిల్లీ ఆంపియరు ఉండాలి. అందుకే మనకు తెలియదు.

అసలు సంగతి ఇక్కడుంది. తడి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడితే ఆ పావు మిల్లీ ఆంపియరులో చాలా భాగం పోతుంది, బల్బు బాగా వెలుగుతుంది. ఎండిన చెక్క మీద రబ్బరు చెప్పులతో నిలబడితే నేరుగా దారి లేదు. అయినా బల్బు కాస్త వెలుగుతుంది. ఎలాగంటే, మన ఒళ్లూ భూమీ రెండూ కలిసి ఒక కెపాసిటర్ లాగా పనిచేస్తాయి. మన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో టర్బైను నిమిషానికి 3000 చుట్లు, అంటే సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది కదా, మన ఇళ్లకొచ్చే కరెంటు కూడా సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగులాట వల్ల కెపాసిటర్ గుండా కొద్దిగా కరెంటు సాగుతుంది. కానీ అది మైక్రో ఆంపియర్ల లెక్క. బల్బు మిణుకుమంటుంది. చీకటి గదిలో అయితే కనపడుతుంది. మే నెల మధ్యాహ్నపు ఎండలో కనపడదు.

ఆ రోజు నా టెస్టర్ వెలిగే ఉంటుంది. నేను చూడలేకపోయాను.

పిల్లలూ, మిగతాదంతా మర్చిపోయినా ఇదొక్కటి రాసుకోండి. టెస్టర్ వెలిగితే కరెంటు ఉన్నట్టు. వెలగకపోతే కరెంటు లేనట్టు కాదు. బల్బు పోయి ఉండొచ్చు, స్ప్రింగు లూజు కావచ్చు, ఎండ కావచ్చు, మీరు నిలబడ్డ చెక్క కావచ్చు. అందుకే ఫ్యాక్టరీలో మేం పాటించే వరస ఒకటుంది. ముందు కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన చోట టెస్టర్ పెట్టి, వెలుగుతోందని చూసుకోవాలి. తర్వాత పనిచేయాల్సిన చోట పెట్టాలి. మళ్లీ వెనక్కి వెళ్లి, తెలిసిన చోట మరోసారి పెట్టి, ఈ మధ్యలో అది చచ్చిపోలేదని చూసుకోవాలి. నిమిషం పని. బల్బుకు అరచెయ్యి అడ్డం పెట్టి నీడలో చూడాలి. అంత చేసినా మెయిన్ కట్టేయకుండా చెయ్యి పెట్టకూడదు. మెయిన్ కట్టేసినా దాని పై పిన్నుల్లో, అంటే స్తంభం నుంచి వచ్చే వైర్లలో, కరెంటు ఉంటూనే ఉంటుంది. మా పెద్దనాన్న బిగించబోయింది సరిగ్గా ఆ వైరే.

వెలిగినప్పుడు కూడా టెస్టర్ పూర్తి నిజం చెప్పదు. ఇంట్లో ఒక్క లైటూ వెలగదు, ప్లగ్గులో చూస్తే రెండు కన్నాల్లోనూ టెస్టర్ వెలుగుతుంది. 'రెండు ఫేజులొస్తున్నాయి' అని కంగారు పడతారు. రెండు ఫేజులు కాదు, న్యూట్రల్ ఎక్కడో తెగింది. స్విచ్ వేసి ఉన్న ఏ బల్బులోంచో, ఫ్యాన్‌లోంచో ఫేజు అవతలికి వచ్చి, వెళ్లే దారిలేక న్యూట్రల్ వైరులో నిలబడింది. లైట్లు వెలగట్లేదు కదా అని ఆ నల్ల వైరు పట్టుకున్నవాడికి షాక్ తప్పదు. మన పాత ఇళ్లలో ఇంకొకటుంది, స్విచ్‌ను ఫేజుకు బదులు న్యూట్రల్‌లో పెట్టేసి ఉంటారు. స్విచ్ కట్టేస్తే బల్బు ఆరుతుంది, హోల్డర్‌లో మాత్రం కరెంటు అలాగే ఉంటుంది.

దీనికి మన పాత ఎలక్ట్రీషియన్ల దగ్గర మంచి మందుంది, టెస్ట్ ల్యాంపు. ఒక హోల్డరు, బల్బు, రెండు వైర్లు, అంతే. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య పెడితే బల్బు వెలగాలి. వెలిగిందంటే రెండు వైర్లూ బాగున్నట్టే. త్రీఫేజు మోటారు దగ్గర రెండు ఫేజుల మధ్య 415 వోల్టులుంటాయి కాబట్టి ఒకే వాటేజీ ఉన్న రెండు బల్బులు సిరీస్‌లో కట్టుకుంటారు, ఒక్కటైతే ఢామ్మని పేలుతుంది. చదువుకోని మనిషి కనిపెట్టుకున్న ఈ పరికరాన్ని నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చూసి నవ్వాను. నా చేతిలో డిజిటల్ మల్టీమీటరు ఉండేది. ఒకసారి ఫ్యాక్టరీలో కట్టేసిన కేబుల్లో నా మీటరు 90 వోల్టులు చూపించింది. గంటసేపు ఆ కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోందా అని వెతికాను. మా ఫోర్‌మన్ వచ్చి టెస్ట్ ల్యాంపు పెట్టాడు, బల్బు కిక్కురుమనలేదు, మీటరులో 90 కాస్తా సున్నా అయింది. పక్కన కరెంటు నడుస్తున్న కేబులు నుంచి ఈ ఖాళీ వైరులోకి వచ్చిన ఉత్తుత్తి వోల్టేజీ అది. డిజిటల్ మీటరు లోపలి రెసిస్టెన్సు మామూలుగా ఒక కోటి ఓములు ఉంటుంది, అంచేత ఇలాంటి నీడలు కూడా దానికి కనపడతాయి. బల్బు అయితే నిజంగా కరెంటు తాగి చూస్తుంది. ఆ రోజు నుంచి నవ్వడం మానేశాను.

మల్టీమీటరు కొనుక్కునే కుర్రాళ్లకు ఒక్క మాట. ఎర్ర వైరు 10 ఆంపియర్ల కన్నంలో ఉండగా వోల్టేజీ చూడబోయారంటే మీరే షార్ట్ సర్క్యూట్ చేసినట్టు, ఎందుకంటే ఆ కన్నం వెనక దాదాపు ఉత్త తీగే ఉంటుంది. చవక మీటర్లలో ఆ దారికి ఫ్యూజు కూడా ఉండదు. ఆంపియర్లు చూశాక ఎర్ర వైరును వోల్టుల కన్నంలోకి మార్చి గాని మీటరు పక్కన పెట్టకండి.

రైతు అన్నలకు నేను కొనుక్కోమనేది మల్టీమీటరు కంటే క్లాంపు మీటరు. వైరు తెంపక్కర్లేదు, తాకక్కర్లేదు, దవడ తెరిచి వైరు చుట్టూ పెడితే చాలు. కరెంటు పారే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుందని మన సైన్సు మాస్టారు దిక్సూచి పెట్టి చూపించారు, గుర్తుందా? ఆ క్షేత్రాన్నే దవడలోని ఇనుము పట్టుకుని, దాని చుట్టూ ఉన్న కాయిల్‌లోకి పంపిస్తుంది. అయిదు హార్స్‌పవర్ మోటారు పూర్తి లోడు మీద ఒక్కో ఫేజులో ఏడు, ఏడున్నర ఆంపియర్లు తీసుకోవాలి. మూడు ఫేజుల్లోనూ ఇంచుమించు ఒకటే ఉండాలి. ఒక దాంట్లో సున్నా వచ్చి మిగతా రెండింట్లో పన్నెండు, పదమూడు కనిపిస్తే ఒక ఫేజు పోయింది, మోటారు గుర్రుమంటూ కాలిపోవడానికి సిద్ధంగా ఉంది. వెంటనే ఆపేయాలి. రీవైండింగుకి అయ్యే ఖర్చులో చిన్న భాగంతో ఈ మీటరు వస్తుంది.

ఇప్పుడు ఒక తమాషా చూడండి. ఫేజూ న్యూట్రలూ రెండు వైర్లూ కలిపి దవడలో పెడితే ఎంత చూపిస్తుంది? పదో తరగతి పిల్లలెవరైనా చెబుతారా? ... ఆ, సున్నా. శభాష్. ఒక దాంట్లో పోయింది, రెండో దాంట్లో వచ్చింది, క్షేత్రాలు కొట్టుకుపోయాయి. మరి సున్నా రాకపోతే? వెళ్లిందంతా తిరిగి రాలేదు. ఎక్కడో గోడలోకో, ఫ్రిజ్ ఒంటి మీదకో, మనిషిలోకో పోతోంది. మామూలు క్లాంపు మీటరు అంత చిన్న తేడాను సరిగ్గా పట్టుకోలేదు. కానీ ఇదే సూత్రంతో పనిచేసే ఒక కాపలాదారు మెయిన్ బోర్డులో పెట్టుకోవడానికి దొరుకుతుంది, ఆర్‌సీసీబీ. లోపల ఒక ఇనుప రింగు, అందులోంచి రెండు వైర్లూ వెళతాయి. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే కరెంటు కొట్టేస్తుంది, సెకనులో చిన్న భాగంలో.

30 అనే అంకె ఊరికే పెట్టింది కాదు. పది, పదిహేను దాటితే పట్టుకున్న చెయ్యి వదలదు, కండరాలు బిగుసుకుపోతాయి. ముప్పై దాటి కాసేపుంటే ఊపిరి కష్టం. యాభై నుంచి వంద మిల్లీ ఆంపియర్లు గుండె లయను చెడగొట్టగలవు. తడి చేతుల మనిషి రెసిస్టెన్సు సుమారు వెయ్యి ఓములనుకోండి, 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు! దీని ముందు 'మా ఇంట్లో ఎంసీబీలున్నాయి' అనేది జవాబు కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ కళ్లకు 230 మిల్లీ ఆంపియర్లు ఒక చిన్న బల్బు. అది వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు.

'మాకు ఎర్తింగు ఉందిగా' అంటారు. మనది మెట్ట ప్రాంతం, కింద సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలకు అది వరం, ఎర్తింగుకు శాపం. ఎండాకాలంలో ఎర్త్ పిట్ ఎండిపోయి రెసిస్టెన్సు 50 ఓములైందనుకోండి, హీటర్ బాడీకి ఫేజు తగిలితే భూమిలోకి పోయేది నాలుగున్నర ఆంపియర్లే. ఎంసీబీ పడదు. హీటర్ ఒళ్లంతా కరెంటుతో అలాగే కూర్చుంటుంది. ఆర్‌సీసీబీ అయితే ఆ నాలుగున్నరలో వందో వంతుకే పడిపోతుంది. అందుకని రెండూ కావాలి, ఎర్త్ పిట్‌లో వేసవిలో బిందెడు నీళ్లూ కావాలి. ఆర్‌సీసీబీ మీద 'టీ' అని రాసి ఉన్న చిన్న బొత్తాన్ని నెలకోసారి నొక్కండి, పడిపోతే బతికున్నట్టు. అయితే ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే అది కూడా కాపాడలేదు. దాని లెక్క ప్రకారం మీరూ ఒక బల్బే.

డ్రిల్లు, గ్రైండరు గురించి క్లుప్తంగా చెబుతాను, భోజనాల వేళవుతోంది. అమ్మలకు ఒక రహస్యం. మీ మిక్సీలోనూ మీ ఆయన డ్రిల్లులోనూ ఉన్నది ఒకే జాతి మోటారు. కార్బన్లు అరిగితే లోపల నిప్పుల చక్రం కనిపిస్తుంది, వాసన వస్తుంది. కార్బన్లు మార్చితే చాలు, మోటారు పోయిందని కొత్తది కొనకండి. డ్రిల్లు మీద చతురస్రం లోపల చతురస్రం గుర్తుంటే దానికి రెండు పొరల ఇన్సులేషన్ ఉన్నట్టు, అందుకే రెండు పిన్నుల ప్లగ్గు. ఆ గుర్తు లేనిదానికి మూడో పిన్ను పీకి వాడకండి. ఇక టైల్స్ కోసే నాలుగంగుళాల గ్రైండరు. దాని చక్రం నిమిషానికి సుమారు 11 వేల చుట్లు తిరుగుతుంది. అంచు వేగం లెక్క కడితే గంటకు 200 కిలోమీటర్ల పైమాట. గార్డు ఊడదీసి ఏడంగుళాల చక్రం బిగించడం మన దగ్గర మామూలైపోయింది. అప్పుడు అంచు వేగం 370 దాటుతుంది, ఆ చక్రాన్ని తయారుచేసింది అంత వేగానికి కాదు. పగిలితే ముక్క వచ్చేది ముఖం మీదకే.

2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణ, మునేరు పొంగినప్పుడు మునిగిన మోటార్ల కోసం నాకు చాలా ఫోన్లు వచ్చాయి. అందరికీ ఒకటే చెప్పాను, మెగ్గర్ పెట్టకుండా స్విచ్ వేయొద్దని. మెగ్గర్ 500 వోల్టులు పంపి వైండింగుకూ బాడీకీ మధ్య ఇన్సులేషన్ ఎంత ఉందో చూస్తుంది. ఒక మెగా ఓము కంటే తక్కువుంటే ఆ మోటారు ఇంకా తడిగానే ఉంది. ఎండలో పెట్టి, రాత్రి లోపల 200 వాట్ల బల్బు వెలిగించి ఉంచితే మెల్లగా ఎక్కుతుంది. విన్నవాళ్ల మోటార్లు చాలావరకు బతికాయి.

ఇంకొకటి, ఆటో స్టార్టర్లు. కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆడుతుంది, అర్ధరాత్రి చేలోకి వెళ్లక్కర్లేదు, సుఖమే. కానీ కరెంటు లేదని స్టార్టర్లో చెయ్యి పెట్టినప్పుడు కరెంటొస్తే? ఫ్యాక్టరీలో మేం స్విచ్ కట్టేసి మా సొంత తాళం వేసుకుని, తాళంచెవి జేబులో పెట్టుకుంటాం. పని అయ్యేదాకా ఎండీ వచ్చినా ఆ తాళం తీయడు. చేలో తాళాలు లేకపోతే ఫర్వాలేదు. మెయిన్ కట్టేసి మూడు ఫ్యూజు క్యారియర్లూ పీకి జేబులో వేసుకోండి. గట్టు మీద పెట్టకండి, ఎవరో ఒకరు సాయం చేద్దామని బిగించేస్తారు. ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజుల జోలికి మాత్రం అసలు వెళ్లొద్దు. ఏబీ స్విచ్ లాగినా మూడు బ్లేడుల్లో ఒకటి విడిపోకుండా ఇరుక్కుని ఉండటం నేను కళ్లారా చూశాను. లైన్‌మన్ రావడం ఆలస్యమైతే 1912కి ఫోన్ చేయండి. పైరు ఒకరోజు ఎండితే ఎండనీండి.

మా పెద్దనాన్న సంగతి చెబుతానన్నాను. ఆయన విసురుగా వెనక్కి పడ్డాడు. అలా పడటమే ఆయన అదృష్టం, పట్టుకుని ఉంటే నేను ఈ వేదిక మీద వేరే మాట చెప్పేవాణ్ణి. కుడిచేతి చివరి రెండు వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి, మళ్లీ చాచలేదు. అన్నం కలుపుకునేటప్పుడు మెతుకులు జారిపోయేవి. అడిగినవాళ్లందరికీ 'చెయ్యి పెట్టేసరికి కరెంటొచ్చింది' అని చెప్పేవాడు. మా నాన్నకూ అదే చెప్పాడు. నేనూ అదే నమ్మాను, నమ్మితే సుఖంగా ఉంది కాబట్టి.

ఉద్యోగంలో చేరిన నాలుగైదేళ్లకు ఒక వేసవి సెలవులో ఆ షెడ్డుకి వెళ్లి, అదే వేళకు, చెక్క మీద చెప్పులతో నిలబడి టెస్టర్ పెట్టాను. మోటారు ఆడుతూనే ఉంది. టెస్టర్ వెలగలేదు. అరచెయ్యి అడ్డం పెట్టాను. లోపల సన్నగా, ఎర్రగా వెలుగుతోంది. చెక్క మీద కూలబడిపోయాను.

సాయంత్రం ఆయన దగ్గర కూర్చుని చెప్పాను, ఆ రోజు కరెంటు ఉందని, నేనే తప్పు చెప్పానని. ఆయన బీడీ వెలిగించుకుని, 'నాకు తెలుసురా' అన్నాడు. 'పక్క చేలో మోటారు ఆడుతూనే ఉంది ఆ రోజు, నాకు వినపడుతూనే ఉంది. మనకే ఫ్యూజు పోయిందేమోలే అనుకున్నా. నువ్వు చదువుకునేవాడివి, టెస్టర్ పెట్టి మరీ చెప్పావు గదా.' ఆ మాట ఆయన ఇంకెవరితోనూ అనలేదు. పోయి పన్నెండేళ్లయింది.

భోజనాలయ్యాక మన సైన్సు ల్యాబు ముందు ఒక టేబుల్ వేయించాను. టెస్టరు, టెస్ట్ ల్యాంపు, క్లాంపు మీటరు, మెగ్గర్ అన్నీ ఉన్నాయి. ఆర్‌సీసీబీ పెట్టిన బోర్డు కూడా తెచ్చాను, పిల్లలు భయపడక్కర్లేదు. ముందుగా టెస్టర్ ఎండలో పెట్టి చూపిస్తాను, తర్వాత నీడలో. గొడుగు నా దగ్గరే ఉంది, పట్టుకోవడానికి పదో తరగతి వాళ్లు ఒకరు రండి.